మోత కాదు... మోతాదు ముఖ్యం!

సాయంత్రం ఆరున్నర. అనంతసాగరంలో దీపాలు పెట్టేవేళ. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ అప్పుడే పసిగుడ్డును ఉయ్యాల్లో వేసి, చిన్నగా జోకొడుతోంది. ఇంతలో వీధి మొదట్లో ఉరుము ఉరిమినట్టు... డబ్‌డబ్‌డబ్‌డబ్! ఆ వెంటనే తుపాకీ పేలినట్టు రెండు చప్పుళ్లు. ఉయ్యాల్లో బిడ్డ ఉలిక్కిపడి కెవ్వుమంది. అరుగు మీద కూర్చున్న అవ్వ గుండె పట్టుకుంది.

‘‘ఏందబ్బయ్యా ఆ మోత! బిడ్డ దడుసుకుంటా ఉంటే నీకు కనపళ్లేదా?’’

బండి దిగిన కుర్రాడి మొహంలో మాత్రం వెలుగే వెలుగు. సోమశిల నీళ్లతో పండిన వడ్లమ్మిన డబ్బుతో నాయన కొనిచ్చిన బుల్లెట్ అది. స్నేహితుడి బండి సైలెన్సర్‌ను ఒక్కరోజు అరువు తెచ్చి బిగించుకుని, డ్యామ్ దాకా వెళ్లొచ్చాడు. దారి పొడవునా అందరూ తిరిగి చూశారట. రేపు ఆత్మకూరు వెళ్లి అలాంటిదే ఒకటి కొనేయాలని అప్పటికే నిశ్చయించుకున్నాడు కూడా.

ఇది ఒక్క అనంతసాగరం ముచ్చటే అనుకునేరు! ఉదయగిరిలో, నెల్లూరులో, విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో... కొత్త బండి కొన్న ప్రతి మూడో ఇంట్లో జరిగే రామాయణమే. పిల్లాడు మోజంటాడు, పెద్దాళ్లు మోతంటారు. ఇద్దరి మధ్యా అసలు విషయం మరుగున పడిపోతుంది. ఇంతకీ సైలెన్సర్ ఏం చేస్తుంది? మారిస్తే ఏమొస్తుంది, ఏం పోతుంది? మార్చాలనే అనుకుంటే ఎలాంటిది ఎంచుకోవాలి?

ఆ గొట్టంలో ఏముంది?

ఇంజిన్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడివాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ప్రతి దెబ్బా టపాకాయే. అందుకే ఆ వాయువును చిల్లులున్న గొట్టాల్లోంచి, అడ్డుగోడలున్న గదుల్లోంచి మెలికలు తిప్పి, దాని వేగాన్నీ ఒత్తిడినీ తగ్గించి బయటికి పంపుతారు. అదే సైలెన్సర్. ఈ ఆలోచన ఇప్పటిది కాదు. 1897లోనే అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజిన్ మోత తగ్గించే సాధనానికి పేటెంటు తీసుకున్నారు. మోటారు బండి ఇంకా నడక నేర్చుకుంటున్న రోజుల్లోనే దాని నోటికి తాళం వేయాల్సొచ్చిందన్నమాట!

ఇక్కడే మనవాళ్లు పొరబడేది. ‘సైలెన్సర్ దారికి అడ్డం, దాన్ని తీసేస్తే బండికి ఊపిరాడుతుంది, పికప్ పెరుగుతుంది’ అనుకుంటారు. సగం నిజం, సగం అబద్ధం. వాయువు బయటికిపోవడానికి మరీ ఇరుకైతే ఇంజిన్ కష్టపడుతుంది, నిజమే. కానీ మరీ వెడల్పైనా నష్టమే. గొట్టం సరైన కొలతలో ఉంటే ఒక దెబ్బ వాయువు వేగంగా పోతూ, తన వెనక కొంచెం ఖాళీని వదుల్తుంది. ఆ ఖాళీ తర్వాతి దెబ్బ వాయువును లాగుతుంది. గొట్టం వెడల్పు చేస్తే ఈ లాగుడు బలహీనపడుతుంది. పైవేగంలో ఏమన్నా కాస్త కలిసొచ్చినా, కింది వేగంలో బండి నీరసిస్తుంది. మన ఊళ్లలో బండి నడిచేదేమో ఎక్కువగా ఆ కింది వేగంలోనే!

యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయినా, నేటికీ దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ప్రతి మండలంలో ఒకరిద్దరు ఉంటారు. అది టూ స్ట్రోక్ బండి. దాని సైలెన్సర్ మధ్యలో లావుగా, చివర సన్నగా ఉండటం అందం కోసం కాదు. ఇంజిన్ నుంచి వచ్చిన ఒత్తిడి తరంగం ఆ సన్నటి చివర తగిలి వెనక్కి తిరుగుతుంది. బయటికి జారిపోబోతున్న తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అంటే ఆ బండి బలంలో సైలెన్సర్ కూడా భాగస్వామే. ఆ సంగతి తెలియక మోత కోసం దాన్ని కోసినవాళ్లు, చిల్లులు పొడిచినవాళ్లు చేతులారా బండి బలాన్ని తగ్గించుకున్నట్టే.

‘సౌండ్ కావాల్నా... పికప్ కావాల్నా?’

మర్నాడు కుర్రాడు ఆత్మకూరు వెళ్లాడు. మెకానిక్ అన్న చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ ఒక్కటే ప్రశ్న వేశాడు.

‘‘ముందు ఇది చెప్పు అబ్బయ్యా. నీకు సౌండ్ కావాల్నా, పికప్ కావాల్నా?’’

‘‘రెండూ కావాలన్నా!’’

‘‘రెండూ అంటే రెండూ రావు నాయనా.’’

అనుభవంతో వచ్చిన మాట అది. ఏ సైలెన్సర్ కొనబోయేవాళ్లైనా ముందుగా తేల్చుకోవాల్సిందీ అదే. బజారులో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి- ఇంజిన్ నుంచి వచ్చే మొదటి గొట్టాన్ని అలాగే ఉంచి, చివరి డబ్బాను మాత్రం మార్చేది. దీన్ని స్లిప్ ఆన్ అంటారు. రెండోది- ఇంజిన్ మూతి దగ్గర నుంచి తోక దాకా అంతా మార్చేసే ఫుల్ సిస్టమ్. మొదటిది బిగించడం తేలిక. రూపం, శబ్దం మారతాయి, కొన్నిసార్లు బరువు తగ్గుతుంది. బలంలో తేడా మాత్రం చాలా స్వల్పం. ఇరవై గుర్రాల బలమున్న 350 సీసీ బండికి డబ్బా ఒక్కటి మార్చినంత మాత్రాన ఇరవై అయిదు రావు. రెండోది నిజంగా తేడా చూపాలంటే గాలి, పెట్రోలు లెక్కలన్నీ దానికి తగ్గట్టు సరిచేయాలి. అది పందేల్లో నడిపే బళ్ల వ్యవహారం.

ఇక బుల్లెట్‌కు దొరికే సైలెన్సర్ల పేర్లు వింటే జాతరలో మిఠాయి దుకాణం గుర్తొస్తుంది. లాంగ్ బాటిల్, షార్ట్ బాటిల్, మెగాఫోన్, గోల్డ్‌స్టార్, డాల్ఫిన్, పంజాబ్... అబ్బో! వీటి వెనకున్న ఆరాటమంతా ఒక్కటే. పాతకాలపు ‘డుగ్ డుగ్’. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక దశాబ్దాల తరబడి మన రోడ్ల మీద వినిపించిన నాదం అది. 2000ల చివర్లో కొత్తతరం ఇంజిన్లు వచ్చాక ఆ నాదం పల్చబడిందని పాత అభిమానుల బెంగ. కానీ ఆ శబ్దం పుట్టింది సైలెన్సర్‌లో కాదు. బరువైన ఫ్లైవీలు, పొడవైన స్ట్రోకు, మెల్లగా తిరిగే ఇంజిన్... వీటిలో పుట్టింది. కొత్త ఇంజిన్‌కు పాత గొట్టం తగిలిస్తే పాత పాట రాదు. కొత్త గొంతే గట్టిగా అరుస్తుంది. అంతే!

ఆ టపటపలు ఎందుకు?

కుర్రాడి బండి వీధి మొదట్లో తుపాకీలా పేలిందన్నాం కదా. మిత్రబృందానికి అది వీరత్వం. మెకానిక్‌కు మాత్రం జబ్బు లక్షణం. పెట్రోలు చక్కగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకైతే ఇంకాస్త తక్కువ. సైలెన్సర్ బాగా తెరిచేస్తే ఇంజిన్‌లో గాలి ప్రవాహం పెరగొచ్చు. పెట్రోలు మాత్రం పాత లెక్కలోనే వస్తుంది. దాంతో మిశ్రమం పల్చబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సరిగ్గా మండని పెట్రోలు వేడి గొట్టంలోకి చేరి, అక్కడ అంటుకుంటుంది. అదే ఆ టపటప. గొట్టం అతుకుల దగ్గర గ్యాస్కెట్ సరిగా కూర్చోక బయటిగాలి లోపలికి పోయినా ఇదే తంతు.

మిశ్రమం పల్చనై అలాగే ఎక్కువకాలం నడిస్తే ఇంజిన్ వేడెక్కుతుంది. ముదిరితే వాల్వులకు, పిస్టన్‌కు ముప్పు. కార్బురేటర్ బండైతే జెట్ మార్చి సరిచేయొచ్చు. సరైందో కాదో స్పార్క్ ప్లగ్ చెబుతుంది. బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు, మసిబారితే ఎక్కువైంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 బళ్ల కథ వేరు. వీటిలో పెట్రోలును కంప్యూటరు కొలిచి పంపుతుంది. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టరూ ఆ గొట్టంలోనే ఎక్కడో ఒకచోట ఉంటుంది. మామూలు వేగంలో సెన్సర్ చూసి కంప్యూటర్ కొంతవరకు సర్దుకోగలదు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం ముందే రాసిపెట్టిన లెక్కను బట్టి పోతుంది. కన్వర్టర్ ఉన్న గొట్టం తీసేస్తే పొగ పరీక్షలో తప్పడం, మీటరులో ఇంజిన్ దీపం వెలగడం, వారంటీకి తిరకాసు... ఒకదాని వెనక ఒకటి. బీమాదీ అదే దారి. బండిలో చేసిన మార్పు బీమా సంస్థకు చెప్పకపోతే క్లెయిము వేళ పేచీ రావొచ్చు.

ఇంకో మాట. సైలెన్సర్ మార్చినా పాతది పాతసామాన్లవాడికి అమ్ముకోవద్దు. కన్వర్టర్‌లో ప్లాటినం, పెల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు కొద్దికొద్దిగా ఉంటాయి. మళ్లీ కొనాలంటే చుక్కలు కనపడతాయి!

చెవికీ ఒక లెక్కుంది

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ లెక్క కొంచెం తమాషాగా ఉంటుంది. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. మన చెవికి దాదాపు రెట్టింపు మోతలా వినిపిస్తుంది. ఇరవై పెరిగితే శక్తి వంద రెట్లు! మన దేశంలో కొత్త మోటారు సైకిళ్లు కంపెనీ నుంచి బయటికొచ్చేప్పుడు 80 నుంచి 175 సీసీ వరకు 77 డెసిబెల్స్, అంతకు మించిన వాటికి 80 డెసిబెల్స్ దాటకూడదన్నది నిబంధన. బండి ముందుకు పోతుంటే ఏడున్నర మీటర్ల దూరం నుంచి కొలిచే లెక్క ఇది.

ఇళ్లున్న చోట శబ్దం పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతం. అక్కడ హద్దు ఇంకా తక్కువ.

నడిపేవాడి చెవి సంగతి? రోజుకు 8 గంటలపాటు 85 డెసిబెల్స్- వినికిడికి ముప్పు లేకుండా ఉండేందుకు నిపుణులు గీసిన గీత ఇది. ఆపైన మూడేసి డెసిబెల్స్ పెరిగినకొద్దీ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. 94కు ఒక గంట. 100కు పావుగంటే! అనంతసాగరం నుంచి నెల్లూరు పోయిరావడానికి పట్టే సమయంలో చెవి కోటా ఎన్నిసార్లు అయిపోతుందో లెక్కేసుకోండి. చెవిలోపలి సన్నటి వెంట్రుకల కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. ఈ నష్టం నొప్పి పెట్టదు, అందుకే కనిపించదు. నలభై దాటాక ‘ఏందీ... ఏమన్నావు?’ అని అడగడం మొదలయ్యాకే తెలిసొస్తుంది.

ఇసుక దిబ్బల్లోనూ కట్టడే

‘అమెరికాలో అయితే ఎవరిష్టం వాళ్లది’ అని మన కుర్రాళ్ల నమ్మకం. అక్కడ నాలుగు లావు చక్రాలతో, హ్యాండిల్ పట్టుకుని నడిపే ఏటీవీలుంటాయి. ఇప్పుడు మన రిసార్టుల్లోనూ పిల్లలు సరదాగా తిప్పుతున్నారే, అవే. అక్కడ వాటిలో పందెం రకాల్ని ఎడారి ఇసుక దిబ్బల్లో దౌడు తీయిస్తారు. వాటికి సైలెన్సర్ మార్చుకోవడం అక్కడ పెద్ద వ్యాపారం. అయినా రోడ్డే లేని ఆ దిబ్బల్లోనూ కట్టడి ఉంది. కాలిఫోర్నియాలో 1986 తర్వాత తయారైన ఇలాంటి బళ్ల మోత గొట్టానికి 20 అంగుళాల దూరంలో కొలిస్తే 96 డెసిబెల్స్ మించకూడదు. 96 అంటే మనకంటే ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ కొలిచే దూరం చూడండి. దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం ఆరు డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అరమీటరు దగ్గర 96 అంటే ఏడున్నర మీటర్ల దగ్గర డెబ్బై పైచిలుకే!

అమెరికా జాతీయ అడవుల్లో తిరగాలంటే ఇంకో షరతు- గొట్టంలో నిప్పురవ్వల్ని ఆపే జాలీ ఉండాలి. స్పార్క్ అరెస్టర్ అంటారు. గొట్టంలోంచి ఎగిరిన మసిరవ్వ ఒక్కటి చాలు, ఎండుగడ్డి అంటుకోవడానికి. మనకూ ఇది పనికొచ్చే పాఠమే. వేసవిలో వెలిగొండ కొండల వారన ఎండిన బోద మీదుగానో, కళ్లంలో గడ్డివాముల మధ్యనుంచో లోపలి జాలీ పీకేసిన గొట్టంతో టపటపలాడిస్తూ పోవడం ఎంత ప్రమాదమో రైతుబిడ్డకు వేరే చెప్పాలా?

జేబుకు చిల్లు, లైసెన్సుకు గండి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. శబ్దం, పొగ నిబంధనలు మీరిన బండిని బహిరంగ ప్రదేశంలో నడిపితే 190వ సెక్షన్ ఉంది. 2019లో చట్టాన్ని సవరించాక దీని కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత. అక్కడికక్కడ పోలీసులు కట్టించుకునే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారినా, చట్టం గీసిన గీత మాత్రం ఇదే. ఇటీవలి ఏళ్లలో విశాఖపట్నంలోనూ, ఇతర నగరాల్లోనూ పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించడం చూశాం. వేలు పోసి కొన్న సోకు క్షణంలో అప్పడమైపోయింది!

కొనేముందు ఏం చూడాలి?

అన్నీ విన్నాక కూడా మార్చాలనే ఉంటే, లేదా పాతది తుప్పుపట్టి మార్చక తప్పకపోతే, ఈ జాగ్రత్తలు పాటించాలి.

* మొదటి చూపు కంపెనీ షోరూం వైపే. కొన్ని కంపెనీలు తమ బళ్లకు వేరే రూపంలోని సైలెన్సర్లను తామే అమ్ముతున్నాయి. మీ మోడలుకు, మీ బండి తయారైన ఏడాదికి సరిపోయేదేనా అని అడిగి, రోడ్డు మీద వాడదగ్గదేనని కాగితం మీద రాయించుకోవాలి.

* కేటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న భాగాన్ని కదిలించకూడదు.

* లోపల శబ్దం తగ్గించే గొట్టం ఉందా లేదా టార్చి వేసి చూడాలి. ఇటు నుంచి అటు సూటిగా కనబడితే అది సైలెన్సర్ కాదు, ఉత్త గొట్టం. దూది లాంటి గాజుపీచు కూరిన రకమైతే అది కాలక్రమంలో కాలిపోతుంది. మళ్లీ కూర్చాలి.

* లోహం చూడాలి. పల్చటి ఇనుముకు మెరుగు పూసినవి రెండు వానాకాలాలకే లోపల్నుంచి తుప్పు పడతాయి. పెట్రోలు మండితే నీటి ఆవిరి వస్తుంది. కొద్ది దూరాలే తిరిగే బండిలో అది ఆరిపోక లోపలే నిలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదెక్కువైనా మన్నుతుంది.

* వేడి తగలకుండా పైన రేకు కవచం ఉందా? ఇది అన్నిటికంటే ముఖ్యం. వెనక కూర్చునేది అమ్మో, చెల్లెలో, బడిపిల్లాడో. చీర కుచ్చెళ్లు, పిల్లల పిక్కలు ముందు తగిలేది ఆ గొట్టానికే.

* బిగించాక కొత్త గ్యాస్కెట్ వేయించాలి. నూరు కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించాలి. పొగ పరీక్ష చేయించాలి.

చివరి పరీక్ష ఒకటుంది. దానికి యంత్రం అక్కర్లేదు. తెల్లవారుజామున మీ ఇంటిముందే బండి స్టార్ట్ చేయండి. పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చూస్తే... ఆ సైలెన్సర్ వద్దు!

ఆత్మకూరులో మెకానిక్ అన్న అదే మాట ఇంకోలా చెప్పాడు. ‘‘నీకు కావాల్సింది పికప్పే అయితే ఆ దుడ్లు ఇట్టా పెట్టు. ఎయిర్ ఫిల్టరు మూసకపోయుండాది. చైను సాగింది. ఎనక టైరులో గాలి సగమే ఉంది. ఇవి చేయించి చూడు. అప్పటికీ చాల్లేదంటే సైలెన్సర్ మాట మాట్లాడదాం.’’

కుర్రాడు కాసేపు మొహం ముడుచుకున్నాడు. అరువు సైలెన్సర్ విప్పించి గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టాడు. కంపెనీది మళ్లీ ఎక్కింది. కొత్త ఫిల్టరు, కొత్త చైను, నిండా గాలి. సంగం దాకా వెళ్లొచ్చాడు. బండి తేలిగ్గా, మెత్తగా సాగింది. గేరు గేరుకీ తేడా చేతికి తెలుస్తూనే ఉంది. రోడ్డు మీద ఎవరూ తిరిగి చూడలేదు. ఆ ఒక్క లోటూ మాత్రం మిగిలింది.

సాయంత్రం బండి తెచ్చి ఇంటిముందు ఆపి, లోపలికి అడుగుపెట్టాడు. అక్క ఉయ్యాల తాడు పట్టుకుని అలాగే కునుకు తీస్తోంది. మేనకోడలు గుప్పెళ్లు మూసి నిద్రపోతోంది. అరుగు మీదున్న అవ్వ తలెత్తి, ఆశ్చర్యంగా అడిగింది...

‘‘ఎప్పుడొచ్చావు రా అబ్బయ్యా? చప్పుడే కాలేదే!’’